పోశన్న గది

మా ఆయన కాలు ఒక్క తాన నిలువదు. కూసుంటె మోకాలు ఊగుతది, నిలవడితె మడమ కొడ్తనే ఉంటది. పెండ్లైన కొత్తల మా అత్త "అరే కమాల్, మంచం ఇరుగుతదిరా, ఆపు" అని తిడ్తుండె. రెండువేల ఎనిమిది ఎండకాలంల ఆ కాలు మమ్మల్ని ఎందాక తీస్కపోయిందో మా అత్తకు ఇప్పటికీ తెల్వది. నేను చెప్పలే. చెప్తె ముందుగాల నన్నే తిడ్తది.

నా పేరు తహెరున్నీసా. మాది మెట్‌పల్లి. ఖతర్ల ఉమ్ సలాల్ కాడ ఒక పెద్దింట్ల నేను వంటమనిషిని. మా ఆయన కమాలుద్దీన్ అదే ఇంట్ల డ్రైవర్. ఊర్లె మాత్రం మేము దుబాయ్‌ల ఉన్నట్టే లెక్క. "ఇద్దరు దుబాయ్‌ల ఒక్క ఇంట్లనే ఉన్నరు గదా, పెండ్లై పదకొండేండ్లాయె, పిల్లలెందుకు కాలేదే?" అని మా అత్త ఫోన్ల నిలదీస్తది. ఒక్క ఇంట్ల ఉన్నమాట నిజమే. ఆయన గేటు పక్క గదిల, ఇంకిద్దరు డ్రైవర్లతోని. నేను మేడ మీద, బియ్యం బస్తాల గది పక్కన, ఒక ఫిలిప్పీన్ పిల్లతోని. మొగ పనోళ్లు వంటింటి గడప దాటొద్దు, ఆడ పనోళ్లు గేటు గది దిక్కు పోవద్దు. అది ఆ ఇంటి కాయిదా. మొగుడూ పెండ్లాలమైతే ఏంది, కాయిదా కాయిదానే. నేను వంటింటి కిటికీల నుంచి పళ్లెం అందిస్త, ఆయన అందుకుంటడు. పెండ్లైన కొన్నాళ్లకే ఆయన గల్ఫ్ వచ్చిండు, నేను శానా ఏండ్లు ఊర్లెనే ఉన్న; నేనొచ్చినంక ఈ నాలుగేండ్ల మా సంసారం ఆ కిటికీల నుంచే నడిచింది. ఇది అత్తకు ఎట్ల చెప్పాలె? సిగ్గు గాదా?

ఆ ఏడు ఖతర్ కుదురుగ లేకుండె. గ్యాస్ పైస వచ్చి పడ్తున్నది, ఎటు జూసినా క్రేన్లే. పొద్దుగాల పోయిన తొవ్వను మాపటికి మూసేసి ఇంకో దిక్కు తిప్పుతుండిరి. "నిన్న మలిగిన సందు ఇయ్యాల లేదు తహెరా" అని మా ఆయన కిటికీ కాడ చెప్తుండె. ఊరంతా ఉరుకుతుంటె తానొక్కడే పార్కింగుల కూసున్ననని ఆయన బాధ. కూసుండుడే ఆయన డ్యూటీ. మా యజమానురాలిని మేం మామా అంటం, యజమానిని బాబా అంటం, అక్కడ పనోళ్లందరు అట్లనే పిలుస్తరు. మామా మాల్‌ల దూరిందంటె మూడు గంటలు. ఆ మూడు గంటలు ఈయన బండ్ల కూసొని మోకాలు ఊపుతుండాలె.

మార్చిల మెసయీద్‌ల ఒక కంపెనీకి బస్సు డ్రైవర్లు కావాలన్నరు. ఫ్యామిలీ ఉన్నోళ్లకు క్వార్టర్ ఇస్తరంట. ఆ దినం కిటికీ కాడ ఆయన మొఖం ఎలిగినట్టు ఎలుగుడు నేనెన్నడు చూడలే.

"ఒక గది, తహెరా. మనది. లోపలి నుంచి గడియ పెట్టుకునేది."

"నీ మొఖం, పళ్లెం పట్టుకో సక్కగ, పులుసు ఒలుకుతున్నది" అన్న. అన్న గని, ఆ దినం రెండు సార్లు కూరల ఉప్పేసిన. అంత ఆశ పుట్టింది నాకు.

బాబా చెడ్డోడు గాదు. పండుగకు బట్టలు పెడ్తడు, జరమొస్తె దవాఖానకు పంపుతడు. కని కంపెనీ మారాల్నంటె ఆయన రిలీజ్ కాయితం ఇయ్యాలె. మా ఆయన పోయి అడిగితె, భుజం మీద చెయ్యేసి నవ్విండంట. "కమాల్, నువ్వు మా ఇంటోనివి. ఇంటోడు ఇల్లు ఇడిసి పోతడా? మాఫీ రిలీజ్." మాఫీ అంటె లేదు పో అని. ఆ పొద్దు నుంచి మా ఆయన కాలు నిద్రల గూడ కొట్టుకుంటున్నదని గదిలున్న డ్రైవర్లు చెప్పిండ్రు.

ఇంటెనుక మేకల కొట్టం. దాన్ని చూసేటోడు పోశన్న, మా మెట్‌పల్లి పక్క ఊరే. నన్ను చెల్లె అంటడు, మా ఆయనను బావా అంటడు. కొట్టం పక్కన రేకుల గదిల ఒక్కడే ఉంటడు. కూరగాయల తొక్కలు మేకలకు ఎయ్యనీకె పోయినప్పుడల్లా నేను ఆయనను ఎగతాళి చేస్తుంటి.

"నసీబ్ నీదే అన్నా. మనుషులం మాకు లేదు, మేకలోనికి తలుపిచ్చిండ్రు."

"నువ్వు మేకల వాసన భరిస్తనంటె ఇప్పుడే ఇడిసిపెడ్త చెల్లె" అని ఆయనా నవ్వుతుండె.

పోశన్న ఊరికి పోక నాలుగేండ్లు. ఆయన వచ్చేటప్పుడు పెండ్లాం గంగామణి కడుపుతోని ఉండె. కొడుకు పుట్టి మూడేండ్లు దాటింది, ఫోటోల చూసుడే. జూన్‌ల ఛుట్టీ అడిగితె బాబా సరేనన్నడు. పోశన్న పిల్లగానికి ఎర్ర సైకిల్ గూడ కొని, అట్టపెట్టెల కట్టి గదిల పెట్టుకున్నడు. అంతలనె మామా వాళ్లు ఎండలు తట్టుకోలేక టర్కీ పోదమన్నరు. ముసలామెను, అంటె బాబా తల్లిని గూడ తీస్కపోవాలె. ఆమెకు షుగర్. పొద్దుమూకి తినే ముందు నేను సూది ఇస్తెనే ముద్ద ముడ్తది. వేరేటోళ్లు ఇస్తె మంటంటది, పళ్లెం జరుపుతది. గట్ల నా పేరు రాసిండ్రు. మూటలు మొయ్యనీకె, పిల్లలెంబడి తిరగనీకె మా ఆయన పేరు రాసిండ్రు.

పోయిన ఏడు బాబా దోస్తు ఇంటి పనిమనిషి ఇట్లనే బయటి దేశంల పారిపోయిందంట. ఆ బుగులు బాబాకున్నది. బయల్దేరే ముందు మమ్మల్ని ముగ్గురిని వాకిట్ల నిలవెట్టిండు.

"పోశన్న, వీళ్లు మీ దిక్కోళ్లు. నమ్మొచ్చా?" వచ్చీరాని హిందీల అడిగిండు.

"నా చెల్లె బాబా. నమ్మొచ్చు."

"అచ్ఛా. అయితె పూచీ నీది. వీళ్లు నాతోని వాపస్ వచ్చిన నాడు నీ ఖురూజ్ మీద సంతకం పెడ్త. రాకుంటె నువ్వూ పోవు."

ఖురూజ్ అంటె దేశం దాటనిచ్చే కాయితం. బాబా సంతకం లేకుంటె ఎయిర్‌పోర్టుల అడుగు ముందుకు పడది. పోశన్న నవ్విండు. "యాడికి పోతరు బాబా, వస్తరు" అన్నడు. తర్వాత కొట్టం కాడ నాతోని ఒక్కటే మాటన్నడు. "చెల్లె, నాకక్కడి నుంచి ఏం తేవొద్దు. మీరు రండ్రి, సాలు."

విమానం ఎక్కేటప్పుడు పోలీసుకు చూపెట్టనీకె బాబా మా పాస్‌పోర్టులు మా చేతికిచ్చిండు. నాలుగేండ్ల కింద దిగిన నా ఫోటో జూసి నేనే గుర్తు వట్టలే, చెంపలు అంత నిండుగుండె. అంటాల్యా అనే ఊర్ల దిగినంక పిల్లల లొల్లిల బాబా మళ్ల అడుగుడు మర్చిపోయిండు. మా ఆయన మర్చిపోలే, నాది గూడ తనే దాస్తనని తీసుకున్నడు.

అక్కడ గూడ కాయిదా అదే. హోటల్‌ల నాది, మాతోని వచ్చిన ఫిలిప్పీన్ పిల్లది ముసలామె గది, ఆయనది కింద సామాన్లు పెట్టే గది. సముద్రం మాత్రం ఎదురుంగనే ఉండె, నీలంగ. మామా పిల్లలు దాంట్ల ఆడుతుంటె ఈయన తువ్వాలలు పట్టుకొని ఒడ్డున నిలవడి మడమ కొడ్తుండె. లాండ్రీల ఒక పంజాబీ మనిషి దోస్తయిండని చెప్పిండు. ఇద్దరు గుసగుసలు. ఏం మాటలో నేనడగలే. అడగాల్సుండె.

పన్నెండో దినం మామా వాళ్లంత పడవ మీద పోతమన్నరు. ముసలామె పడవ ఎక్కదు, ఫిలిప్పీన్ పిల్ల తోడుంటది. మామా నన్ను పిలిచి, "ఈ దినం నీకు, కమాల్‌కు ఛుట్టీ. యల్లా, ఎక్కడన్న తిరిగి రండి. పొద్దుమూకంగ మగ్రిబ్ నమాజ్ కల్లా సూది టైముకు ఉండు" అన్నది.

నేను గరిటె లేకున్నా గరిటె పట్టుకున్నట్టే నిలవడ్డ. ఇద్దరికీ ఒక్కనాడే ఛుట్టీ! నాలుగేండ్లల్ల అది మొదలు.

"ఛుట్టీ అంటె ఏం జెయ్యాలె?" అని మా ఆయనను అడిగిన.

ఆయన కాడ జవాబు తయారుగుండె. "కొండల నడుమ వాగొకటి ఉన్నదంట. లోపల పొంటి నడుచుడే. తెల్లోళ్లు టికెట్ కొని నడుస్తరంట."

"నడవనీకె టికెట్టా? నా మోకాళ్లను అడిగినవా?"

"సల్లటి నీళ్లు. మోకాళ్లకు మంచిదే, రా" అన్నడు.

చిన్న బస్సు ఎక్కినం. ఎక్కంగనే నేను సక్కగ ఆఖరి సీటుకు పోయి కూసున్న, ఆయన డ్రైవర్ పక్కన కూసున్నడు. బస్సు కదిలి ఊరు దాటినంక గని సోయి రాలే. ఆయన వెనుకకు తిరిగి నన్ను జూసిండు, నేను ఆయనను జూసిన. మా మీద ఎవ్వరూ కాయిదా పెట్టలే ఆ దినం. నాకు నవ్వాగలే. ఆయన లేచి వచ్చి నా పక్కన కూసుంటె, కొత్త పెండ్లికూతురు లెక్క బుర్ఖా సదురుకున్న. నన్ను నేనే తిట్టుకున్న, ముప్పై మూడేండ్ల ముసల్దానివి, ఏందే ఈ సిగ్గు అని.

లోయ మొదట్ల ఒక ఆడిమనిషి పెద్ద పెనం మీద పలుచటి రొట్టెలు చేస్తున్నది, లోపల ఆలుగడ్డ పెట్టి. ఉప్పు తక్కువ, చెయ్యి మంచిదే. చెరొకటి తిన్నం. మా ఆయన ఇంకో పది కట్టియ్యమన్నడు.

"పది ఎవనికి? బారాత్ వస్తుందా వెనుక?"

"నడిస్తె ఆకలైతది" అని బ్యాగుల పెట్టిండు. ఆ బ్యాగు నేనప్పుడు సక్కగ జూసిన. ఒక్క దినానికి అంత బ్యాగేందో అనుకున్న. అనుకోని ఊకున్న.

రబ్బరు బూట్లు కిరాయికిచ్చిండ్రు. నీళ్లల్ల కాలు పెడ్తె, యా అల్లా, ఎముకల దాక సల్ల! రెండు దిక్కుల బండ గోడలు, తల పూర్తిగ వెనుకకు వంచితె గని పైన చివర కనవడది. ఆకాశం చీర అంచంత ఉన్నది. గోడ పగుళ్లల్ల గన్నేరు పూసింది, మన దిక్కు పూసినట్టే. ఖతర్ల నాలుగేండ్లు ఇసుక జూసిన కండ్లు అవి, ఆ నీళ్ల సప్పుడుకు ఊకె తడైనయి. సంబురమా, ఏడుపా, నాకే తెల్వలే.

మా ముందు ఒక ముసలి తెల్లాయన, ముసలామె కర్రలు పట్టుకొని, ఇంకో చెయ్యి ఒకరిదొకరు పట్టుకొని నడుస్తున్నరు. మా ఆయన చెయ్యి చాపిండు.

"ఎవరన్న జూస్తరు" అన్న.

"ఎవరు? మెట్‌పల్లోళ్లా?"

పట్టుకున్న. స్టీరింగు తిప్పి తిప్పి ఆయన అరచెయ్యి గరుకైంది. నా చెయ్యి ఎంత కడిగినా ఉల్లిగడ్డ వాసన పోదు. పక్కపక్కన నడుచుడు మాకు రాదు. నేను మామా వెనుక నడిచినట్టు మూడడుగులు వెనుకవడుతున్న, ఆయన గేటు తియ్యనీకె ఉరికినట్టు ముందు పోతున్నడు. చేతులు పట్టుకున్నం గావట్టి గుంజులాట. గట్లనే నవ్వుకుంట రెండు గంటలు నడిచినం. ఆ రెండు గంటలు నా జిందగీల ఒక దిక్కు, మిగిలినదంత ఒక దిక్కు.

ఒక తాన నీళ్లు పైనుంచి దుంకుతున్నయి. అందరు అక్కడ ఫోటోలు దిగి వెనుకకు మలుగుతున్నరు. మా ఆయన పక్క బండల మీది నుంచి ఎక్కి ఇంకా పైకి పోదమన్నడు. మనుషులు తగ్గిండ్రు. ఆయన అడుగు పెద్దగైంది. మాటిమాటికి మణికట్టు చూసుకుంటున్నడు. చూసుకుంటె అక్కడ గడియారం లేదు, తెల్లటి గీత ఉన్నది. ఈద్ నాడు బాబా ఇచ్చిన గడియారం అది, తానం చేసేటప్పుడు గూడ తియ్యడు.

"గడియారమేది?"

"గదిల మర్చిన."

"అబద్ధం జెప్తె నీ కాలు ఎక్కువ ఊగుతది. చూడు ఎట్ల ఊగుతున్నదో."

ఆయన ఇంకో బండ ఎక్కి నాకు చెయ్యి అందిచ్చిండు. ఒక వెడల్పు బండ మీద కూసున్నం. రొట్టె తీస్తనని నేను బ్యాగు తెరిచిన. రొట్టెల కింద రెండు స్వెటర్లున్నయి. ఎండకాలంల స్వెటర్లు. మా నిఖా కాయితం నకలు ప్లాస్టిక్ కవర్ల సుట్టి ఉన్నది. రెండు పాస్‌పోర్టులు. అడుగున నా మోకాళ్లకు రాసే మందు డబ్బ, కొత్తది.

నేను ఒక్కొక్కటి తీసి బండ మీద పెట్టిన. ఆయన నీళ్ల దిక్కు చూసుకుంట చెప్పిండు.

"ఇంకో గంటన్నర నడిస్తె లోయ పై చివర వస్తది. అక్కడ ఒక ఊరు. మూడు గంటలకు వ్యాన్ ఉంటది. పంజాబాయన మాట్లాడిండు, గడియారం ఆయనకిచ్చిన. రాత్రికి సముద్రం దాటితె గ్రీసు. నారింజ తోటలల్ల పని. అక్కడ ఎవ్వని రిలీజ్ అక్కెరలేదు, ఎవ్వని ఖురూజ్ అక్కెరలేదు. గది కిరాయికి తీసుకుందం."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె రాకపోదువు."

"ఇప్పుడొస్తననుకున్నవా?"

"వస్తవనుకున్న" అన్నడు. "నడుచుకుంట నవ్వినవు గదా. గట్ల నవ్వంగ నేను చూడక ఎన్నేండ్లాయె."

నిజం చెప్తున్న, నాకు పోవాలనిపించింది. మస్తు అనిపించింది. ఒక గది, ఒక పొయ్యి, తడి చీర ఆరేసుకునే దండెం, ఒక పిల్లనో పిల్లగాడో. ఇంకో నాలుగేండ్లు కిటికీల నుంచి పళ్లెం అందిస్తె నా కడుపు ఇగ పండుతదా? లేచి స్వెటర్ తొడుక్కోవాలన్నంత అనిపించింది. చెయ్యి గూడ పోయింది స్వెటర్ మీదికి.

"పోశన్న?" అన్న.

ఆయన కాలు ఆగింది.

"పోశన్ననేం చేస్తడు బాబా? కొన్ని దినాలు కోపముంటడు, పంపిస్తడు. ఎన్ని దినాలు ఆపుతడు?"

"నిన్నెన్ని దినాలాపిండు?"

అప్పుడొచ్చింది ఆయనకు కోపం. లోయంత మారుమోగెటట్టు ఒర్రిండు. "మామా కోసం ఆగాలె, బాబా కోసం ఆగాలె, సిగ్నల్ కాడ ఆగాలె, గేటు కాడ ఆగాలె. ఇప్పుడు పోశన్న కోసం ఆగాలెనా? నా కోసం ఎవడాగిండు?"

"నేనాగిన. పదకొండేండ్లు" అన్న.

ఆయన పాస్‌పోర్టులు రెండూ ఏరి చేతుల పట్టుకున్నడు. నేనే అన్న, మెల్లగ. "ఆ పిల్లగాడు నాయినను ఫోటోల జూసి ముద్దు పెట్టుకుంటడంట. ఎర్ర సైకిల్ అట్టపెట్టెల ఉన్నది. నా చెల్లె, నమ్మొచ్చు అన్నడు ఆయన. నేను రాను. నువ్వు పో. ఉన్నమాట చెప్తున్న, కోపం మీద గాదు. నువ్వు పోతె గూడ బాబా ఆపుతడేమో, కని నేను ఎదురుంగ ఉంట. ఏడుస్త, కాళ్లు వడ్త, ఏదో ఒకటి చేస్త."

ఆయన లేచిండు. తర్వాత నా పాస్‌పోర్టు నా ఒళ్ల పెట్టిండు. నా స్వెటర్ పక్కన పెట్టిండు, రొట్టెలు సగం ఇచ్చిండు. బ్యాగు భుజాన ఏసుకొని నడిచిండు. నేను వెనుక నుంచి పిలువలే. పిలిస్తె ఆగుతడు. ఆగి, ఇగ జిందగీ అంతా నన్ను తిడ్తడు. బండ మలుపు తిరిగినంక నీళ్ల సప్పుడొక్కటే మిగిలింది.

ఎంతసేపు కూసున్ననో. ఏడ్సిన. ఆయనను తిట్టిన, పోశన్నను తిట్టిన, పోశన్న కొడుకును గూడ తిట్టిన, తౌబా. దిగిపోదమని లేచిన గని మోకాళ్లు గుంజినయి, సల్ల నీళ్లకు బిగుసుకపోయినయి. మళ్ల కూసున్న. ముసలామెకు సూది ఎవరిస్తరు అని ఒక దిక్కు, ఆయన వ్యాన్ దాక తిన్నడా లేదా అని ఒక దిక్కు. నన్ను ఇడిసిపెట్టి పోయినోని తిండి నాకెందుకు? కని అదే అనిపించింది.

బండల మీద బూట్ల సప్పుడు వినవడ్డది. తలెత్తలే, ఎవరో తెల్లోళ్లనుకున్న.

"నీ మోకాళ్ల మందు నా బ్యాగులనే ఉండిపోయింది" అన్నడు మా ఆయన. చెమటతోని అంగి తడిసిపోయింది.

"ఇచ్చి పో."

డబ్బ ఇచ్చిండు. పోలే. నా పక్కన కూసున్నడు. నేను మోకాళ్లకు రాసుకున్న. ఆయన మిగిలిన రొట్టె తిన్నడు, ఒకటి గాదు, మూడు. నా చెయ్యి పట్టుకొని లేపిండు. దిగేటప్పుడు ఆయన ముందు దిగి, ఒక్కొక్క బండ కాడ నాకు భుజం అందిచ్చిండు. బస్సుల పక్కపక్కన్నే కూసున్నం, ఇద్దరం చెరో దిక్కు జూసుకుంట.

పొద్దు ఇంకా సముద్రం మీద ఉండంగనే హోటల్‌కు చేరినం. ముసలామె కిటికీ కాడ కుర్చీల కూసున్నది. మా ఆయన గడప కాడ బ్యాగు దించిండు. ఆమె ఆ బ్యాగును జూసింది, నా సంకల ఉన్న స్వెటర్‌ను జూసింది, నా ఉబ్బిన కండ్లు జూసింది. నేను చేతులు కడుక్కొని సూది పట్టుకొచ్చిన.

"ఒక్క దినానికి ఇంత బ్యాగా బింతీ?" అన్నది. బింతీ అంటె బిడ్డా అని.

నేను సూదిల మందు గుంజుకున్న. ఆమె అంగి పక్కకు జరిపి పొట్ట చూపింది, ఇగ పొడువు అన్నట్టు. పాస్‌పోర్టులు మా ఆయన ఆ రాత్రే బాబాకు అప్పజెప్పిండు.

ఆగస్టుల వాపస్ వచ్చినం. బాబా మాట మీద నిలవడ్డడు, మరునాడే సంతకం పెట్టిండు. పోశన్న సైకిల్ డబ్బ తాడుతోని కట్టుకొని, కొత్త ప్యాంటు తొడిగి వాకిట్లకొచ్చిండు. మా ఆయనే ఎయిర్‌పోర్టుకు తోల్కపోవాలె. "రెండు నెలలు చెల్లె. ఎర్ర మేక సూలుతోని ఉన్నది, జర జూసుకోండ్రి" అన్నడు. నా మొఖం దిక్కు జూడలే. బిడ్డ లెక్క సంబురంల ఉన్నడు, ఎందుకు జూస్తడు అనుకున్న. లోయ సంగతి ఆయనకు మేం చెప్పలే.

రెండు నెలలైనయి. పోశన్న రాలే. ఫోన్ జేస్తె మోగుతది, ఎత్తరు. మూడో నెల సగమైనంక బాబా మమ్మల్ని మళ్ల వాకిట్ల నిలవెట్టిండు, మొన్న నిలవెట్టిన తాన్నే.

"మీ అన్న గదా. మీరు వస్తరని ఆయన పూచీ ఉన్నడు. ఇప్పుడు ఆయన వచ్చేదాక మీ పూచీ. అప్పటి దాక మీ ఛుట్టీ మాఫీ, మీ ఖురూజ్ మాఫీ. కమాల్, మేకలను గూడ నువ్వే చూడు."

మా ఆయనకు నవ్వొచ్చింది. బాబా లోపలికి పోయేదాక ఆపుకున్నడు, తర్వాత గేటు పట్టుకొని నవ్విండు. నవ్వి నవ్వి కూలవడ్డడు. తుడుసుకుంటుంటె గని అవి కన్నీళ్లని నాకు తెల్వలే.

"తిట్టు నన్ను" అన్న.

"నిన్నెందుకు తిడ్త? ఆయన గూడ లోయల నడిచిండు, అంతే. మలుపు కాడ వెనుకకు తిరగలే" అన్నడు.

పగలు బండి, పొద్దుగాల మాపు మేకలు. డబల్ డ్యూటీ. వారం తిరగకముందే ముసలామె కొడుకును పిలిచి గట్టిగనే ఏదో చెప్పింది. ఆమె చెప్తె బాబా కాదనడు. ఆ మాపు మామా మొఖం ముడుచుకొని వంటింట్లకు వచ్చింది. "మేకల కాడ మనిషుండాలె. పోశన్న గది కమాల్‌కిస్తున్నం. నీ పని అయినంక నువ్వూ అక్కడ్నే పండుకో. పొద్దుగాల అయిదుకు మాత్రం పొయ్యి కాడ ఉండాలె" అన్నది. తెరిచిన తలుపుల నుంచి అవతల గదిల ఉన్న ముసలామె దిక్కు జూసిన. ఆమె తస్బీ పూసలు తిప్పుకుంట నన్ను చూడనట్టే కూసున్నది.

శుక్రవారం జుమ్మా నమాజైనంక ఆ గది తాళం తీసినం. ఎనిమిదడుగులు, రేకులు, మేకల వాసన. ఊడుస్తుంటె నా చీపురాగింది. గదిల ఏం లేదు. గ్లాసు లేదు, కేలండర్ లేదు, చిరిగిన బనియన్ గూడ లేదు. గోడ మొలలు గూడ పీకి, ఆ బొక్కలల్ల సబ్బు ముక్కలు దూర్చి పెట్టిండు సాపుగ. రెండు నెలలకు పోయేటోడు మొలలు పీకుతడా? పోయిన నాడే రాననుకొని పోయిండు. అందుకే నా మొఖం జూడలే.

అప్పుడు మోగింది ఫోన్. ఇండియా నంబర్.

"చెల్లె" అన్నడు పోశన్న. "తిట్టు చెల్లె."

నెల దినాల నుంచి తిట్లు పోగు చేసి పెట్టుకున్న నేను. నీ కోసం నేను దేశం అంచు దాక పోయి వాపస్ వచ్చిననురా అనాలనుకున్న. నోటి దాక వచ్చింది. అవతల సైకిల్ గంట మోగుతున్నది, ఒకటే తీరుగ, ఆగకుంట. ఒక పిల్లగాడు "నాయినా, ఇటు జూడు, ఇటు జూడు" అని ఒర్రుతున్నడు.

"పోరడు అంగి ఇడుస్తలేడు చెల్లె. పండుకున్నా ఇడుస్తలేడు. నేనెట్ల రావాలె?" అన్నడు.

మా ఆయన తలుపు కాడ నిలవడి ఉన్నడు. తలుపు ముందుకు తోస్తున్నడు, గడియ గుంజుతున్నడు. చట్రంల బొక్కకు అది అందుతలేదు. మళ్ల తోస్తున్నడు, మళ్ల గుంజుతున్నడు. కాలు నేలకు కొడ్తున్నడు.

"అన్నా, ఈ గది గడియ పడ్తలేదు. నువ్వెట్ల పెడ్తుంటివి?" అన్న.

పోశన్నకు సమజ్ గావడానికి జరంత సేపు పట్టింది. సైకిల్ గంట గూడ ఆగింది.

"మీకిచ్చిండ్రా గది?" అన్నడు. "ఆ తలుపు కిందికి దిగింది చెల్లె. బావను అడుగున కాలి వేళ్లు పెట్టి జర పైకెత్తుమను. ఎత్తి పట్టుకోవాలె, కదుపొద్దు. అప్పుడు నువ్వు గుంజు."

నేను చెప్పిన. మా ఆయన చెప్పు ఇడిసి, తలుపు కింద వేళ్లు పెట్టి ఎత్తిండు. నేను ఫోన్ చెవికీ భుజానికీ నడుమ ఇరికిచ్చుకొని, రెండు చేతులతోని గడియ గుంజిన. సక్కగ పోయి బొక్కల పడ్డది.

"పడ్డదా చెల్లె?"

"పడ్డదన్నా" అన్న.

బయట మేకలు అరుస్తున్నయి. మా ఆయన కాలు ఇంకా తలుపు కిందనే ఉన్నది, కదలకుంట.